ఆరు బాటిళ్ల భీమయ్య

అగరొత్తుల వాసన తగిలితే అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకు మూత్రం గుర్తొస్తుంది. ఇందులో నా తప్పేమీ లేదు. మొన్న మా ఆసుపత్రి ల్యాబుకు కొత్త మిషను వచ్చిందని నా దగ్గర పనిచేసే పిల్లలు దానికి పూజ చేసి గంధం అగరొత్తులు వెలిగించారు. ఆ మిషను మూత్రాన్ని తానే పీల్చుకుంటుంది, తానే ఫొటోలు తీసుకుంటుంది, తానే లెక్కపెట్టి కాగితం బయటికి తోస్తుంది. దానికి బొట్టు పెట్టి అందరూ దండాలు పెడుతుంటే, ఆ పొగలో నాకు సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లోని ఒక ఇరుకు గది, కిటికీ పక్కన ఒక నల్లటి మైక్రోస్కోపు, దాని మీదికి వంగిన ఒక బట్టతల కనిపించాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్లనేనని పిల్లలతో చెప్పాను.

ఆ బట్టతల మా రాజమల్లు సార్‌ది. సర్కారు దవాఖానా ల్యాబులో రిటైరయ్యి, స్టీలు సామాన్ల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని సొంత ల్యాబు పెట్టుకున్నాడు. మెట్లు ఎంత నిటారుగా ఉండేవంటే, పైకి వచ్చేసరికి ఏ రోగమూ లేనివాడికి కూడా ఆయాసం వచ్చేది. గదిలో దేవుడి పటం ఉండేది గానీ అగరొత్తులు పటం ముందు కాదు, బాటిళ్ల ట్రే ముందు వెలిగించేవాడు. చేరిన మొదటిరోజే అడిగాను, వాసన పోవడానికా సార్ అని. “వాసనకైతే ఫినాయిల్ చాలు బిడ్డా. ఇది మర్యాదకు” అన్నాడు. ఎవరికి మర్యాద అంటే, “వచ్చినోళ్లకు” అని బాటిళ్లవైపు చెయ్యి చూపించాడు. నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

ఆయన వేళాకోళం ఆడలేదు. ఆ గదిలో మూత్రం బాటిల్ అనే మాట ఉండేది కాదు. దానిమీద ఎవరి పేరుంటే అది వాళ్లే. “నర్సింగరావు గారిని జెర ముందుకు జరుపు”, “అనసూయమ్మ గారు వచ్చి గంట దాటింది, ఇంకెంతసేపు కూసోబెడ్తవ్?” ఇవీ మాటలు. ఒకసారి నా మోచేయి తగిలి ఒక బాటిల్ పడిపోతే, “అరెరె, మల్లేశం గారు కింద పడ్డరు” అంటూ ఆయన గబగబా వచ్చాడు. సరిగ్గా అదే సమయానికి రిపోర్టు కోసం మెట్లెక్కి వచ్చిన మల్లేశం గారు, తానెప్పుడు పడ్డాడో తెలియక గుమ్మంలో నిలబడి తన మోకాళ్లు తడుముకున్నాడు.

నేను అక్కడికి ఇష్టపడి వెళ్లలేదు. మాది శ్రీకాకుళం వైపు. నాన్నకు గుమాస్తా ఉద్యోగం బదిలీ కావడంతో లాలాగూడలో అద్దెకు దిగాం. ఊరంతా అమీర్‌పేట బస్సెక్కి కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజులవి. మా పిన్ని కూతురు నోరు తెరిస్తే జావా, మూస్తే ఒరాకిల్. నేను ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి మూత్రం చూస్తున్నాను. ఆర్నెల్లు చేసి, నేనూ ఆ బస్సెక్కేద్దామని లోలోపల నిశ్చయించుకున్నాను. మా అమ్మ ఇరుగుపొరుగుతో “మా అమ్మాయి మెడికల్ లైన్లో ఉందండీ” అని గొప్పగా చెప్పేది. నేను ఇంటికొస్తే మాత్రం గుమ్మంలోనే కేకేసేది. “ముందు తానం సేసి రాయే. ఆ సేతుల్తో ఉప్పు డబ్బా ముట్టుకున్నావంటే సంపేస్తాను!”

పని నేర్పడంలో సార్‌కు ఎక్కడలేని ఓపిక. మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి యంత్రంలో గిర్రున తిప్పితే, అందులో ఉన్నదంతా అడుగుకు దిగుతుంది. పైదంతా పారబోసి, ఆ అడుగు చుక్కను గాజుపలక మీద వేసి చూడాలి, గంట దాటితే కణాలు చెడిపోతాయి గనక ఆలోపే చూడాలి. “పైన తేటగున్నదని మోసపోకు. కథంతా అడుగునే ఉంటది” అనేవాడు. మూత్రపిండం గొట్టాల్లో తయారై మూత్రంలో కొట్టుకొచ్చే అచ్చుల గురించి ఆయన చెప్పిన పాఠం నేనిప్పటికీ అలాగే చెబుతాను. “మీ అమ్మ జంతికలు ఒత్తుతది గదా? గొట్టంల పిండి పెడ్తే, ఆ గొట్టం ఎట్లుంటే గట్లనే వస్తది. కిడ్నీల సుత సన్న సన్న గొట్టాలుంటయ్. లోపట రక్తం కారిందనుకో, ఆ గొట్టంల గడ్డకట్టి, ఎర్రటి జంతిక లెక్క విరిగి కొట్టుకొస్తది. అది కనవడ్డదంటే రక్తం కింద ఎక్కడిదో గాదు, కిడ్నీదే. మనిషికి నొప్పుండదు, తక్లీఫుండదు. నీకొక్కదానికే ఎరుకైతది.” ఆ రోజు ఇంటికెళ్లి అమ్మ పెట్టిన జంతికలు ముట్టలేకపోయాను.

ఓపిక ఆయనకుంది గానీ నాకు లేదు. రెండు నెలలు తిరిగేసరికి నాకో సంగతి అర్థమైంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏమీ ఉండదు. ఏమీ లేనప్పుడు “చీము కణాలు: రెండు మూడు, ఇతరములు: లేవు” అని రాస్తాం. అలాంటప్పుడు చూడ్డమెందుకు, రాసేస్తే పోలా? అలాగే రాసెయ్యడం మొదలుపెట్టాను. పని జోరుగా సాగింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కిటికీ దగ్గర కునుకు తీసే తీరిక కూడా దొరికింది.

ఒకరోజు సార్ నా రిపోర్టులన్నీ తిరగేసి, ఒకటి పైకి తీశాడు. “భీమయ్య గారు, యాభై రెండేండ్లు. రంగు ముదురు, చీము కణాలు రెండు మూడు. నువ్వే జూసినవా?” చూశానన్నాను. “భీమయ్య గారు కిందనే ఉన్నడు. రా, కలుద్దువు” అని లేచాడు. కిందికి దిగి, సందు మొగనున్న ఇరానీ హోటల్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పాలు కలపని డికాషన్ ఒక గ్లాసులో తెప్పించి, దానిలో నీళ్లు కలిపి నా ముందుకు జరిపాడు. “ఇగో, భీమయ్య గారు. చాయ్‌కు చీము ఏడికెళ్లి వచ్చింది బిడ్డా?”

భూమి రెండుగా చీలితే అందులోకి దూకేసేదాన్ని. ఆయన తిట్టలేదు. నాకు ఇంకో చాయ్ చెప్పాడు, ఈసారి పాలతో. బిస్కట్ ముంచుకుంటూ, “ఇట్ల అప్పుడప్పుడు భీమయ్య వస్తనే ఉంటడు. ఎప్పుడొస్తడో నీకు చెప్ప. జూసుకో” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎలాగైనా ఈ ముసలాయన్ని పట్టుకోవాలని పంతం పట్టి, ఆ రోజు నుంచి ప్రతి బాటిలూ చూశాను. పంచదార నీళ్ల భీమయ్యను పట్టుకున్నాను. చెరుకురసం భీమయ్యను పట్టుకున్నాను. ఒకసారి ఎవరో ఒక రోగి నిజమైన మూత్రాన్నే రెండు బాటిళ్లలో పోసి రెండు పేర్లు పెట్టాడు, దాన్నీ పట్టుకున్నాను. పట్టుకున్న రోజల్లా నాకు పాల చాయ్.

అలాంటి రోజుల్లో బేగంపేటలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ పని మాకు తగిలింది. కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగాలు ఖాయం చెయ్యడానికి ముందు వాళ్లకు పరీక్షలన్నీ చేయించాలట. నలభై ఖాళీ బాటిళ్లు పట్టుకుని, సార్ స్కూటర్ వెనుక నేను కూర్చుని వెళ్లాం. అద్దాల మేడ, చల్లటి గాలి, నా వయసు పిల్లలు మెడలో పట్టీలు వేసుకుని చకచకా తిరుగుతున్నారు. నేను ఒళ్లో డబ్బా పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. గేటు దగ్గర గార్డు “టిఫినా అమ్మా?” అని అడిగాడు. నేను ఔనన్నాను, ఇంకేమనను! నిండిన బాటిళ్లు తీసుకుని, గంట దాటకముందే తిరిగి వచ్చేశాం. దారి పొడవునా నాకు ఏడుపొచ్చింది. సోమవారం నాన్నతో కంప్యూటర్ కోర్సు సంగతి తేల్చేద్దామనుకున్నాను.

ఆ మధ్యాహ్నం సార్ పని మీద మోండా మార్కెట్ వెళ్లాడు. నేనొక్కదాన్నే కూర్చుని చూస్తున్నాను. పన్నెండో బాటిల్‌లో ఎర్రకణాలు కనిపించాయి. మామూలుగా గుండ్రంగా లేవు. ఇరుకు సందులో దూరివచ్చినట్టు నలిగి, బుడిపెలు తేలి ఉన్నాయి. పక్కనే ఎర్రటి జంతిక, సార్ చెప్పింది చెప్పినట్టుగా. పదమూడోది చూస్తే అందులోనూ అదే. ఆ తర్వాత మరో నాలుగింటిలో కూడా అవే నలిగిన కణాలు, అవే జంతికలు. ఆరు పేర్లు, ఆరుగురు కుర్రాళ్లు! అప్పుడు నాకు నవ్వాగలేదు. సార్‌కు ఎక్కడో మంచి సరుకు దొరికింది, ఆరు బాటిళ్లలో పంచేశాడు, నన్ను పరీక్షించడానికే మార్కెట్‌కు తప్పుకున్నాడు. నేనంత తేలిగ్గా దొరుకుతానా? ఆరు రిపోర్టుల మీదా పెద్ద అక్షరాలతో “భీమయ్య” అని రాసి, ఆరు బాటిళ్లూ సింకులో ఒంపేశాను.

సార్ రాగానే కాగితాలు ముందు పరిచి, “ఆరు చాయ్‌లు బాకీ సార్” అన్నాను. ఆయన చదివి నావైపు చూశాడు. “నేనేం పెట్టలే” అన్నాడు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. “సత్తెమ్మా, నేనేం పెట్టలే బిడ్డా. బాటిళ్లేవి?” నా చెయ్యి దానంతటదే సింకువైపు వెళ్లింది. ఆయన కుర్చీ లాక్కుని, ఇంకా తడి ఆరని ఆరు గాజుపలకలనూ ఒక్కొక్కటిగా చూశాడు. అగరొత్తి ఆరిపోయింది. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఆరుగురికి ఒక్కదినమే కిడ్నీలు ఖరాబు గావు. వీడు ఒక్కడే. ఒక్కని ఉచ్చ ఆరుగురు పంచుకున్నరు” అన్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని, “వానికి ఎరుకనే ఉండదు. జల్ది దొరకవట్టాలె” అన్నాడు.

కంపెనీకి ఫోన్ చేశాడు. అటువైపు మేడం చాలా మర్యాదగా, “అబ్‌నార్మల్ ఉన్నవి మార్క్ చేసి పంపించేయండి సార్, మండేకి కావాలి” అంది. ఫోన్ పెట్టేసి సార్ నాతో అన్నాడు. “ఆరుగురికి ఉన్నదని రాస్తే ఆరుగురి నౌకరీలు ఆగుతయ్. లేదని రాస్తే ఆ ఒక్కడు మునుగుతడు. రోగమని ముందే చెప్తే నౌకరి భయానికి ఇంకెవనిదో తెచ్చిస్తడు. ఏం రాయొద్దు. పిలువు అందర్ని.” బాటిళ్లు ఒలికిపోయాయి, మళ్లీ ఇవ్వాలి అని చెప్పి పిలిపించాం. అందులో అబద్ధమేమీ లేదు, ఒంపింది నేనేగా.

శనివారం పొద్దున ఆరుగురూ వచ్చారు. ముగ్గురు పట్టే బల్ల మీద ఆరుగురు ఇరుక్కుని కూర్చున్నారు. సార్ ఒక్కొక్కర్నీ పంపి, తలుపు బయట తానే కాపలా నిలబడ్డాడు. లోపలున్నవాడికి సార్ దగ్గు వినబడేసరికి వచ్చేది కూడా రాకుండా పోయేది. చెంబులకొద్దీ నీళ్లు తాగించాం. మొత్తానికి ఆరు బాటిళ్లూ నిండాయి. నేను చూశాను. ఆరుగురివీ శుభ్రంగా ఉన్నాయి! దొంగ దొరక్కపోగా ఆరుగురూ మంచివాళ్లయ్యారు.

సార్ స్టూలు లాక్కుని వాళ్లకెదురుగా కూర్చున్నాడు. “మొన్న ఆరుగురిది ఒక్కతీరుగ వచ్చింది. ఏందయ్యా, ఆరుగురికి కలిపి ఒక్కటే కిడ్నీ ఉన్నదా? షేర్ ఆటో నడుపుతున్నరా?”

“మాకేం ఎర్క సార్? ఎవ్వరిది వాళ్లమే ఇచ్చినం” అన్నాడు వాళ్లలో పొడుగువాడు. మిగిలిన ఐదుగురూ గోడమీది క్యాలెండర్ చూస్తున్నారు. ఎంత అడిగినా అదే మాట. స్నేహితుడి పేరు బయటపెట్టకూడదని ఒట్టేసుకున్నారని తర్వాత తెలిసింది.

నేను మైక్రోస్కోపు దగ్గర కూర్చుని ఆలోచిస్తున్నాను. ఆ మహానుభావుడు వీళ్లలో లేడంటే ఏడోవాడు. తనదంతా ఆరుగురికీ పంచేశాడు, సరే. మరి తన బాటిల్‌లో ఏం పోసుకున్నట్టు? గబుక్కున రిజిస్టరు తెరిచాను. నలభైమందిలో ఒకే ఒక్కడికి నేను ఇలా రాసి ఉన్నాను. “రంగు: పల్చటి టీ రంగు. కణాలు: లేవు. ఇతరములు: ఏమీ లేవు.” ఆ రోజు అది చూసి, ఎంత శుభ్రమైన మనిషో అని ముచ్చటపడ్డాను కూడా. ఎంత ఆరోగ్యవంతుడిదైనా మూత్రంలో ఒకటో రెండో చర్మకణాలైనా కనబడతాయి. అసలేమీ లేకుండా ఉండేది నల్లా నీళ్లలోనే. పైగా టీ రంగు! నేనే నా చేత్తో రాసుకున్నాను, నేనే చదువుకోలేదు.

“సార్! భీమయ్య దొరికాడు!” అని అరిచాను. కుర్రాళ్లకు ఏమీ అర్థం కాలేదు. “ఫణికుమార్ ఎవరు?” అన్నాను. ఆరుగురూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు.

ఇక నన్ను నేను పట్టుకోలేకపోయాను. “మీ సిగ్గులు, మీ దాపరికాలూ తర్వాత! ఆ అబ్బాయి కిడ్నీలోంచి రక్తం కారుతోంది. పిలుస్తారా, మీ కంపెనీకొచ్చి మైకులో చెప్పమంటారా?” పొడుగువాడి ముఖం తెల్లబోయింది. జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు. ఫోన్ చేశాక అసలు సంగతి కక్కేశారు. మొదటిసారి బాటిళ్లు ఇవ్వడానికి ముందురోజు రాత్రి ఆరుగురూ పార్టీలో తాగారట. మూత్రంలో మందు బయటపడి ఉద్యోగం పోతుందేమోనని భయపడి, తమలోకెల్లా పవిత్రుణ్ని వెతికి పట్టుకున్నారు. ఫణి బీరు ముట్టడు, సిగరెట్టు ముట్టడు, పొద్దున్నే లేచి పరేడ్ గ్రౌండ్స్ చుట్టూ పరుగెడతాడు, మొలకలు తింటాడు. అలాంటివాడి మూత్రం కంటే స్వచ్ఛమైనది ఎక్కడ దొరుకుతుంది? వాడు మొహమాటస్తుడు. అడిగినవాళ్లందరికీ పోసి, తన వంతు వచ్చేసరికి చుక్క మిగలక, నల్లా నీళ్లలో ఆఫీసు మిషను టీ కాస్త కలిపాడు.

అరగంటలో ఆ పవిత్రుడు పరుగు బూట్లతోనే మెట్లెక్కి వచ్చాడు. ఆయాసపడకుండా పైకి వచ్చిన మొదటి మనిషి అతనే. విజయనగరం యాస వినగానే నాకు మా పెదనాన్న కొడుకు ఎదురుగా నిలబడ్డట్టనిపించింది. “నాకేటైందండి? నాకేటీ లేదు. ఎరుపంటారా, అది బీట్‌రూట్ రసమండి. రోజూ తాగుతాను” అన్నాడు. కాళ్లు వాచాయే అంటే, “కొత్త బూట్లండి” అన్నాడు. అన్నింటికీ అతని దగ్గర ఆరోగ్యకరమైన కారణముంది. సార్ తాజాగా బాటిల్ ఇప్పించి, గాజు గొట్టంలో పోసి దీపం మీద వేడి చేశాడు. పైభాగమంతా తెల్లగా విరిగింది, అంటే రక్తంతో పాటు ప్రొటీన్ కూడా కారిపోతోంది. నేను చుక్క వేసి చూశాను. నలిగిన కణాలు, ఎర్ర జంతికలు. రక్తపోటు చూస్తే మా నాన్న వయసువాళ్లకు కూడా లేనంత ఉంది.

సార్ అతని భుజం మీద చెయ్యేశాడు. “పరేషాన్ గాకు బిడ్డా. జల్ది దొరికినవ్. మందు తాగినోళ్లు గట్టిగున్నరు, నీకే గిట్లైంది, ఏం జేస్తం! కానీ ఒక్క మాట విను. రక్తం పంచినా మంచిదే, పైసలు పంచినా మంచిదే. ఇది మాత్రం ఎవ్వరికి పంచకు.” ఏడవబోతున్న ఫణి నవ్వేశాడు. మొదట ఏడ్చింది ఆ పొడుగువాడు. సార్ అప్పటికప్పుడు స్కూటర్ తీసి, ఫణిని వెనుక కూర్చోబెట్టుకుని, తనకు తెలిసిన కిడ్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. మూత్రపిండంలో వడపోత జరిగేచోట వాపు అని తేల్చారు. నెలల తరబడి మాత్రలు మింగాడు. ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే మాత్రలతో పోయేది కాదని డాక్టర్ అన్నాడట.

కంపెనీకి సార్ పంపిన కాగితంలో, మొదటి బాటిళ్లు కొన్ని ల్యాబులో పాడైనందువల్ల మళ్లీ తీసుకున్నామని రాశాడు. ఫణి రిపోర్టు ఫణి చేతికే ఇచ్చాడు. ఇంత నిర్లక్ష్యమైన ల్యాబు మాకొద్దని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చదువుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. నా వల్లే సార్, నేనే ఒంపేశాను అని ఏడిచాను. “ఒంపితే ఒంపినవ్ గని, ముందుగాల జూసినవ్ గదా! చూడకుంటనే రాస్తివనుకో, ఆరుగురికీ రెండు మూడు చీము కణాలు రాసి పంపుదువు” అన్నాడు. నిజమే. భీమయ్య నాకు ఎదురుపడకపోయి ఉంటే అదే రాసేదాన్ని. అమీర్‌పేట బస్సు నేను ఎక్కనేలేదు. కథంతా విని మా అమ్మ సార్‌కు డబ్బా నిండా జంతికలు పంపింది. నన్ను మాత్రం స్నానం చెయ్యనిదే వంటింట్లోకి రానివ్వలేదు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నల్ల మైక్రోస్కోపు నా దగ్గరుంది. కొత్త మిషను కాగితం మీద ఏమీ లేదని రాసిన ప్రతిసారీ, నేను ఒక చుక్క తీసి దాని కింద పెడతాను. పిల్లలు చాటుగా నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పూజ జరిగిన రోజే వాళ్ల ట్రేలో ఒక బాటిల్ పెట్టాను. సాయంత్రానికి, మిషనులో పెట్టకుండానే కొత్తగా చేరిన అమ్మాయి రాసేసిన రిపోర్టు వచ్చింది. చీము కణాలు రెండు మూడు, ఇతరములు లేవు. “రామ్మా, భీమయ్య గారు కింద క్యాంటీన్‌లో ఉన్నారు, కలుద్దువు గాని” అన్నాను. ఆ పిల్ల ముఖంలో నా పాత ముఖం కనిపించింది.

మేం కిందికి దిగుతుంటే ఫణి పైకి వస్తున్నాడు. జుట్టు నెరిసింది, నడుం చుట్టూ కాస్త కొవ్వు చేరింది. ఆర్నెల్లకోసారి వస్తాడు, పరీక్ష ఇక్కడే, ఇంకెవరి చేతికీ ఇవ్వడు. బాటిల్ నా చేతిలో పెట్టాడు, ఇంకా వెచ్చగా ఉంది. మెట్ల మీది కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను. తేటగా, పసుపుగా ఉంది. ప్రతిసారీ అడిగేదే మళ్లీ అడిగాను. “ఫణికుమార్ గారు ఒక్కరే వచ్చారా?”

“ఒక్కణ్నే వచ్చానండి. ఎవరికీ పంచలేదు” అన్నాడు.

క్యాంటీన్‌కు కాసేపాగి వెళ్దామని ఆ పిల్లతో చెప్పాను. గంట దాటకముందే ఈయన్ని చూడాలి.